వెనక నుంచి పిలవకూడదు

రేపల్లె,
ఆగస్టు 18.

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం కాదులే, శ్రీముఖం. ఫోనెందుకు ఎత్తవు, వీడియో చేస్తే ఎందుకు కట్ చేస్తావు, ఎవరికి భయపడి అని మొత్తం కాగితమంతా ప్రశ్నలే. నేను పిల్లలకి లెక్కల పరీక్షలో కూడా అన్ని ప్రశ్నలు ఇవ్వలేదు.

అసలు సంగతి చెప్తాను. నీ ఫోను నీ దగ్గర ఉండేదెప్పుడు? ఎప్పుడు చేసినా నీ కోడలు సింధు చేతిలో ఉంటుంది. నీకిచ్చినా నువ్వు స్పీకరు పెడతావు. అక్కాచెల్లెళ్ళ మాటలు ఇంటిల్లిపాదికీ ఎందుకు? ఉత్తరమైతే నువ్వూ నేనే. నీకెలాగూ ఫోన్లో ఆ చిన్న అక్షరాలు నొక్కడం రాదు కదా.

ఇక్కడ బాగున్నాను. ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట రెండు గదుల వాటా. బాపట్లలో ఉద్యోగం ఎందుకు మానేశానని మళ్ళీ అడిగావు. విసుగొచ్చింది. అంతే. ఇరవై ఏళ్ళు చెప్పిన లెక్కే చెబితే ఎవరికైనా విసుగొస్తుంది. ఆయన పోయాక ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు కూడా.

నా సుఖమంతా పొద్దున నడకలో ఉందక్కా. తెల్లవారుతుండగా బయలుదేరి కాలవగట్టు మీదుగా కరకట్ట దాకా వెళ్తాను. ఇప్పుడు నాట్లు అవుతున్నాయి. మడి నిండా నీళ్ళు, నీళ్ళ నిండా మబ్బులు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిస్తే గట్టు మీద గడ్డి చల్లగా తగులుతుంది. దమ్ము చేసిన మట్టి వాసన నీకు గుర్తుందా? చిన్నప్పుడు నాన్న లుంగీకి ఉండేది. ఎవరి అడుగుకీ నా అడుగు కలపక్కర్లేదు, ఎవరి మాటకీ తలాడించక్కర్లేదు. ఆగాలనిపిస్తే ఆగుతాను. లకుముకి పిట్ట తీగ మీద కూచుని నీళ్ళలోకి చూస్తుంటే, అది దూకేదాకా నేనూ చూస్తాను.

ఇక్కడి జనం ఎంత మర్యాదస్తులంటే నువ్వు నమ్మవు. వీధి చివరింటి అరుగు మీద ఒక పెద్దావిడ తలవంచుకుని చేటలో బియ్యం ఏరుకుంటూ ఉంటుంది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కడికి, ఏంటి అని ఆరా తీయలేదు. తెనాలిలో అయితే వీధి దాటేలోపు పదిమందికి సంజాయిషీ చెప్పుకోవాలి.

బావగారిని అడిగానని చెప్పు.

దేవిక


తెనాలి,
ఆగస్టు 27.

ఒసేయ్ దేవీ,

నా చెవిలో పువ్వులు పెట్టకు. నీకంటే ఆరేళ్ళు పెద్దదాన్ని, నీ జడ వేసినదాన్ని. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు మాటలు ఎక్కువవుతాయి. మబ్బులట, మట్టి వాసనట, లకుముకి పిట్టట! విసుగొచ్చి ఉద్యోగం మానేసిన మనిషి విసుగు తీరడానికి మనుషుల్లోకి రావాలి గాని, చుట్టం పక్కం లేని ఊళ్ళో వాటా తీసుకుంటుందా? ఇంకా ఆరేళ్ళ సర్వీసు వదిలేసుకుని?

మీ బావకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఒంటరిగా నడిస్తే బాగానే ఉంటుంది కదే" అన్నారు. ఆయనకేం తెలుసు, బ్రహ్మానందం అని పేరు పెట్టినందుకు ఎప్పుడూ ఆనందంగానే ఉంటారు. నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. ఆడమనిషి తెల్లవారకుండా ఊరవతలికి ఒక్కతే ఎందుకెళ్తుంది? మూడే కారణాలు. ఒకటి, అక్కడ ఎవరో ఉండాలి. రెండు, ఏ బాబాగారో మఠమో ఉండాలి. మూడు, ఎవడో పొలం కొనిపిస్తానని నిన్ను గట్ల వెంట తిప్పుతూ ఉండాలి. నాలుగోది నడక అంటావు. పొలాల్లో పని లేకుండా నడిచేది దూడలేనే.

నేను నిన్ను తిట్టడానికి రాయట్లేదు. యాభై రెండేళ్ళ దానివి, నీ ఇష్టం నీది. ఎవరైనా ఉంటే ఉన్నారని చెప్పు, నేనేమీ అనుకోను. అంటే అనుకుంటాననుకో, కానీ నిన్ను వదులుకోను. నాకు చెప్పకుండా దాచావని తర్వాత తెలిస్తే మాత్రం ఊరుకోను.

నిజం రాయి.

అక్క కనకదుర్గ


రేపల్లె,
సెప్టెంబరు 16.

అక్కా,

నీ మూడు కారణాలూ చదివి నవ్వుకున్నాను. తర్వాత కోపమొచ్చింది. తర్వాత మళ్ళీ నడకకి వెళ్ళొచ్చాక కోపం పోయింది. చూశావా, ఇందుకే నడుస్తాను.

చేలు పచ్చబడ్డాయి. గాలి వీస్తే ఈ చివర మొదలై ఆ చివర దాకా వరి వంగి లేస్తుంది. మురుగుకాలవలో గుర్రపుడెక్క పూసింది, పూలు ఊదారంగు. ఆ మొక్కని అందరూ తిడతారు గాని పొద్దుటి ఎండలో ఆ పూలు చూస్తే తిట్టబుద్ధి కాదు. కరకట్ట ఎక్కితే అవతల లంకలో అరటితోటలు, వాటి వెనక కృష్ణ. అక్కడ కాసేపు నిలబడి వెనక్కి తిరుగుతాను. ఎవరూ లేరక్కా. ఎవరూ లేకపోవడమే బాగుంది. అది నీకెలా చెప్పాలో తెలియట్లేదు. మనుషుల్లో ఉంటే నా మొహం నేను పట్టుకుని మొయ్యాలి. గట్టు మీద దాన్ని దించేస్తాను.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, నిజం చెప్పు. పది రోజులుగా ఒకడు మోటారు సైకిలు మీద నా వెనకే వస్తున్నాడు. మొదట గమనించలేదు. ఒకరోజు ఊరికే వెనక్కి తిరిగి చూస్తే, నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు! నేను చూడగానే అదోలా నవ్వాడు. గట్టు దిగి చేలో కాలుపెట్టి నిలబడ్డాను. ముందుకెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ అంతే. నడిచే మనిషి వెనక అంత నెమ్మదిగా బండి నడిపేవాడికి వేరే పనేముంటుంది? ముందుకి పోవాలనుకుంటే పోవచ్చు కదా.

వాణ్ణి నువ్వు పెట్టావా? నీ మీద ఒట్టు వేసి చెప్పు.

దేవిక


తెనాలి,
సెప్టెంబరు 24.

దేవీ,

నా మీద నేనే ఒట్టు వేసుకోవాలా! మీ బావ మీద, నా పసుపుకుంకాల మీద, మన అమ్మ మీద ఒట్టు. మోటారు సైకిలు వాడెవడో నాకు తెలియదు. ఇంతకీ వాడు నిజంగా తెలియనివాడేనా, లేక తెలిసినవాడే తెలియనట్టు నా దగ్గర రాస్తున్నావా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అడగ్గానే మగవాడి సంగతి నీ ఉత్తరంలోకి ఎందుకొచ్చింది?

సరే, నేను నమ్మాననే అనుకో. మరి నువ్వెందుకు ఎవరితోనూ మాట్లాడవు? వీధిలో వాళ్ళు నిన్ను చూసి "దూరమా అండీ" అంటే తల తిప్పుకుని పోతావట. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు కాబట్టి, పాపం పద్ధతిగా దూరమా అనే కదా అడుగుతున్నారు. "ఇక్కడికేనండి" అంటే నోట్లో ముత్యాలు రాలతాయా? దాచవలసిన పని మీద వెళ్ళేవాళ్ళే ఆ మాటకి జవాబు చెప్పరు. ఊరంతా అదే అనుకుంటోంది. ఆకుపచ్చ గొడుగు మేడమ్ గారు ఎక్కడికి పోతుందో, కాలవ లాకు దగ్గర కూచుని ఎవరికోసం చూస్తుందో అని చెవులు కొరుక్కుంటున్నారు.

నీకెన్నిసార్లు రాసినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

కనకదుర్గ


రేపల్లె,
అక్టోబరు 3.

అక్కా,

నా గొడుగు ఆకుపచ్చదని నేను నీకెప్పుడు రాశాను?

ఈ ఊరొచ్చాక కొన్నాను. నువ్వు దాన్ని చూడలేదు. లాకు దగ్గర కూచుంటానని కూడా ఏ ఉత్తరంలోనూ రాయలేదు. అమ్మ మీద ఒట్టేసి, అదే కాగితం మీద నాలుగు వరుసల కింద దొరికిపోయావు. ఎవరు వాళ్ళు? ఎవరి చేత నన్ను కాపలా కాయిస్తున్నావు?

ఆ కాపలా మనిషెవరో గాని, నీకు కల్లబొల్లి కబుర్లు చెబుతోంది. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఏ ఒక్కరూ, ఏ ఒక్కరోజూ. నేనేం పొగరుబోతునా పెద్దవాళ్ళు పలకరిస్తే తల తిప్పుకోవడానికి? నాన్న మనల్ని అలా పెంచాడా? తెనాలిలో కూచుని నువ్వు ఎవరి మాటైనా నమ్ముతావు, నా మాట తప్ప.

ఆ శంఖం సామెత ఎందుకు రాశావో నాకు తెలియదు. ఇంకెప్పుడూ రాయకు.

ఇకనుంచి నడక సంగతులు నీకు రాయను. నాకున్నది అదొక్కటే. దానికి కూడా నువ్వు మురికి పూశావు.

దేవిక


బాపట్ల,
అక్టోబరు 20.

దేవీ,

పైన ఊరి పేరు చూసి ఉలిక్కిపడ్డావా? పడాలి. ఇక్కడ పెళ్ళికొచ్చాను. పెళ్ళి నెపం, అసలు పని నీ బడి. ఇలా చేశానని నీకు కోపమొస్తుందని తెలుసు. రానీ.

అవును, నీ సంగతులు నాకు చెప్పే మనిషి ఉంది. మీ బావ మేనత్త కోటేశ్వరమ్మ గారు. వీధి చివర అరుగు మీద బియ్యం ఏరుకునే ఆవిడే. నువ్వు మర్యాదస్తురాలని పొగిడిన ఆవిడే! నువ్వు రేపల్లె వెళ్ళినప్పుడే నేను ఫోన్ చేసి, నువ్వు మా చెల్లెలివని చెప్పి, ఆ సంగతి నీకు తెలియనివ్వకుండా కాస్త కనిపెట్టి ఉండమని అడిగాను. రోజూ దూరమా అని నిన్ను అడుగుతోంది ఆవిడే. ఎనభై ఏళ్ళ మనిషి, అబద్ధం ఆడవలసిన అవసరం ఆవిడకి లేదు. నీకుంది. అడగలేదని నువ్వు అంత గట్టిగా రాశావంటే నాకు భయమేస్తోంది.

బడిలో మీ కరుణ టీచరు కనిపించింది. నీ పేరెత్తగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరి ఏడాది నువ్వు స్టాఫ్ రూములో మూల కూచుని ఎవరితోనూ కలవలేదట. పిలిస్తే పలికేదానివి కాదట. గర్వమొచ్చిందని అనుకున్నారట. ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల సందేహం అడిగిందట, నువ్వు బోర్డు మీద రాస్తూనే ఉన్నావట, మళ్ళీ మళ్ళీ అడిగితే క్లాసంతా నవ్విందట. నువ్వు తిరిగి చూసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికెళ్ళిపోయావట. ఆ నెలలోనే రాజీనామా. వీడ్కోలు సభ పెడతామంటే వద్దన్నావట.

నాకిప్పుడు అర్థమైంది. మరిదిగారు పోయిన దిగులు నీ మనసుకి పట్టింది. అందుకే మనుషులు పడట్లేదు, అందుకే ఈ గట్లు పట్టుకుని తిరగడం. అన్నీ నీలో నువ్వు దాచుకుంటే ఇలాగే అవుతుంది. దానికి నడక మందు కాదు, మనుషులే మందు. కార్తీకం దాటగానే నేనూ మీ బావా వచ్చి నిన్ను తెనాలి తీసుకొచ్చేస్తాం. మేడ మీద గది ఖాళీ చేయించాను. ఇంట్లో ఎప్పుడూ నలుగురు ఉంటారు, మాట్లాడుకోవచ్చు. నిన్ను ఒక్క క్షణం ఒంటరిగా వదలను. ఇక నడకా లేదు, గిడకా లేదు. సామాను సర్దుకో.

అక్క


రేపల్లె,
అక్టోబరు 27.

అక్కా,

రావొద్దు. దండం పెడతాను.

నాకు పిచ్చి లేదు, దిగులు లేదు. ఎప్పుడూ నలుగురు మాట్లాడుకునే ఇల్లు అని నువ్వు ఆశ పెట్టావు. ఆ మాట చదవగానే నాకు చెమటలు పట్టాయి. ఎందుకని అడగకు. నన్ను ఆ మేడ మీద గదిలో పెడితే నేను బతకను. ఇక్కడ పొద్దున ఆ రెండు గంటలు నడిచొస్తే, మిగతా రోజంతా ఎవరితోనైనా నవ్వుతూ ఉండగలను. అది తీసేస్తే నాకు ఇంకేమీ మిగలదు.

కోటేశ్వరమ్మ గారు బావకి మేనత్తని నువ్వు రాశాక ఆవిడ ముందు నుంచి పోవడానికి ముళ్ళ మీద నడిచినట్టుంది. ఆవిడ నన్ను అడగలేదు అక్కా. నేనెందుకు అబద్ధం చెప్తాను? ఇవాళ కూడా అరుగు పక్కనుంచే వెళ్ళాను. తల కూడా ఎత్తలేదు. అడిగానని ఎందుకు చెబుతోందో, ఆవిడ మనసులో ఏముందో నాకు తెలియట్లేదు. నువ్వే ఆవిడ చేత అలా అనిపిస్తున్నావేమో, నన్ను తీసుకెళ్ళడానికి. నీమీద ఇలాంటి అనుమానం వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

వరి పొట్ట మీదుంది. కోతలయ్యేదాకా అన్నా నన్ను ఉండనీ.

దేవిక


తెనాలి,
నవంబరు 15.

దేవీ, నా తల్లీ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను.

మొన్న నేను రేపల్లె వచ్చాను. నీకు చెప్పలేదు. సాయంత్రం రైలు దిగి నేరుగా కోటేశ్వరమ్మ గారింటికెళ్ళి పడుకున్నాను. నీ గుట్టేదో నా కళ్ళతో చూసి, అక్కడే జుట్టు పట్టుకుని తెనాలి లాక్కొద్దామని వచ్చాను. దాచడమెందుకు.

తెల్లారి నేను తలుపు చాటున నిలబడ్డాను. ఆవిడ అరుగు మీద కూచుని, "ఇదిగో, ఇప్పుడు అడుగుతాను, చూడు" అంది. నువ్వు వచ్చావు. ఆవిడ చేటలోంచి తల ఎత్తకుండానే "దూరమా అమ్మా" అంది. తలుపు చాటున ఉన్న నాకు స్పష్టంగా వినపడింది. నువ్వు ఆవిడకి మూరెడు దూరంలో ఉన్నావు. చేల వైపు చూస్తూ, చిన్నగా నవ్వుకుంటూ వెళ్ళిపోయావు. నా ఒళ్ళు మండిపోయింది. ఎంత పొగరు దీనికి అనుకుని చెప్పులేసుకుని నీ వెనకే పడ్డాను.

కాలవగట్టు ఎక్కాక ఆ మోటారు సైకిలు వచ్చింది. రెండు వైపులా పాలక్యాన్లు. నువ్వు గట్టు మధ్యలో నడుస్తున్నావు. వాడు హారన్ కొట్టాడు. కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. నువ్వు జరగలేదు. వాడు కాలు నేలకి ఆనించి, దొర్లించుకుంటూ నీ వెనకే లాకు దాకా వచ్చి, అక్కడ గట్టు వెడల్పయ్యాక పక్కనుంచి దాటాడు. అవతల పాలు పోసి తిరిగొస్తుంటే వాణ్ణి నేను ఆపాను. "ఎవరయ్యా నువ్వు? రోజూ మా చెల్లెలి వెనక పడతావంట" అన్నాను. పాపం హడలిపోయాడు. "నేనా అండీ? తోమాసునండి, పాలు పోసేవాణ్ణి. ఎంత హారన్ కొట్టినా మేడమ్ గారు తప్పుకోరండి. చదువుకున్నావిడ, పక్కకి జరగండని అరిస్తే బాగోదు కదండీ. ఒకసారి తిరిగి చూస్తే నవ్వానండి, చేలోకి దిగిపోయారు" అన్నాడు.

అప్పటికి నాలో ఏదో కదిలింది, కానీ అర్థం కాలేదు. నువ్వు చాలా ముందుకెళ్ళిపోయావు. పరుగులాంటి నడకతో నీకు కాస్త దగ్గరగా వచ్చాను. దారిన పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదని అమ్మ ఎంత చెప్పేదో నీకు తెలుసు. అందుకని కాసేపు ఊరికే నడిచాను. చివరికి ఆగలేక "దేవీ" అన్నాను. మామూలుగానే. తర్వాత గట్టిగా. తర్వాత మన పెరట్లోంచి కాలవ అవతలికి కేకేసినట్టు, గొంతు చించుకుని పిలిచాను.

చేలో కొంగలన్నీ ఒక్కసారి లేచాయి.

నువ్వు ఆగి, ఆ కొంగల వైపు చూశావు. అవి ఎందుకు లేచాయా అన్నట్టు అటూ ఇటూ చూశావు. అవి తిరిగి వాలేదాకా చూసి, మళ్ళీ నడిచావు. నేను నీ వెనక పది బారల దూరంలో ఉన్నాను దేవీ. నువ్వు తిరగలేదు.

నేను గట్టు మీదే కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఫోన్లు ఎందుకు ఎత్తవో, బోర్డు దగ్గర ఆ పిల్లకి ఎందుకు జవాబు చెప్పలేదో, నలుగురున్న ఇల్లంటే నీకెందుకు చెమటలు పట్టాయో, అన్నీ ఒక్కటొక్కటిగా వచ్చి మీద పడ్డాయి. ఆ శంఖం సామెత నా చేత్తో నేనే రాశాను. నా చెయ్యి విరిగిపోను.

నీ ముందుకి రాలేదు. వస్తే నువ్వు మళ్ళీ నా పెదాలు చూసి, అన్నీ వినపడినట్టు నవ్వుతావు. ఆ నవ్వు నేను చూడలేను. అందుకే రైలెక్కి వచ్చేశాను. నాకెందుకు చెప్పలేదే? పరాయిదాన్నా నేను?

అక్క


రేపల్లె,
నవంబరు 22.

అక్కా,

నువ్వు వెనకే ఉన్నావా? ఆ కొంగలు నాకు గుర్తున్నాయి. కుక్క ఏదైనా తరిమిందేమో అనుకున్నాను.

ఎడమ చెవి నాలుగేళ్ళ కిందట పోయింది. ఆయన పోయిన గొడవలో ఎవరికీ చెప్పలేదు. తర్వాత కుడిది కూడా తగ్గుతూ వచ్చింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి చాలావరకు పట్టుకుంటాను. బోర్డు వైపు తిరిగితే మాత్రం నా వెనక ప్రపంచం ఉండదు. క్లాసంతా నవ్విన రోజు నాకు నవ్వు కూడా వినపడలేదు. తిరిగి చూస్తే నలభై నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, అంతే. బోర్డు మీద లెక్క తప్పు రాశాననుకుని మళ్ళీ సరిచూసుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ చచ్చిపోవాలనిపిస్తుంది.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు నాతో మెల్లగా, పెద్దగా, చిన్నపిల్లకి చెప్పినట్టు మాట్లాడతావు. అందరూ అలాగే మాట్లాడతారు. ఒక్క నువ్వైనా నన్ను ఎప్పటిలాగే తిట్టాలని ఉండేది. నీ ఉత్తరాల్లో తిట్లన్నీ నాకు బాగా వినపడతాయి.

నలుగురిలో కూచుంటే ఒళ్ళంతా చెవులు చేసుకోవాలక్కా. ఎవరు నవ్వితే నవ్వాలి, ఎవరు తలాడిస్తే ఆడించాలి. సాయంత్రానికి పిండి రుబ్బినంత అలసట. గట్టు మీద ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. వరి నన్నేమీ అడగదు. అక్కడ నేను చెవిటిదాన్ని కాను. అందుకే ఒంటరిగా నడవడం నాకంత సుఖం.

కానీ కోటేశ్వరమ్మ గారు అడుగుతూనే ఉన్నారన్నమాట. రోజూ. ఆవిడ ఒక్కరేనా, వీధి వీధంతా అడుగుతూనే ఉండి ఉంటుంది. ఎవరూ అడగని ఊరు దొరికిందని నేను మురిసిపోయాను. ఇన్ని నెలలూ పెద్దవాళ్ళు పలకరిస్తుంటే మొహం తిప్పుకుని పోయానా? ఆ పాలవాణ్ణి దొంగనుకున్నానా? సిగ్గుతో రెండు రోజులు బయటికి వెళ్ళలేదు.

ఇప్పుడు నిజం నీకు తెలిసింది కాబట్టి తీసుకెళ్ళే హక్కు నీకుంది. వెనక బండొచ్చినా తెలియని మనిషిని ఏ అక్క ఒంటరిగా వదులుతుంది? నువ్వు రమ్మంటే వస్తాను, ఈసారి ఎదురు చెప్పను. కాకపోతే నడక ఆపేశాక నేను ఎలా ఉంటానో నాకు తెలియదు. అది మాత్రం చెప్పి ఉంచుతున్నాను.

దేవిక


తెనాలి,
డిసెంబరు 1.

ఒసేయ్ మొద్దూ,

ఎప్పటిలాగే తిట్టమన్నావు కదా, ఇదిగో తిడుతున్నాను. బుద్ధి లేనిదానా, నాలుగేళ్ళు! మరిదిగారు పోయిన ఏడాది నేను నీ పక్కనే పడుకున్నాను కదే, చీకట్లో ఎన్ని కబుర్లు చెప్పాను! అవన్నీ గోడకి చెప్పానా?

నిన్ను తీసుకురావడం గురించి మీ బావకీ నాకూ పెద్ద గొడవైంది. నేను తీసుకొచ్చేద్దామన్నాను. ఆయన ఎప్పుడూ నాకు ఎదురు చెప్పరు కదా, ఈసారి చెప్పారు. "కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి. చెవి పోయిందని కాళ్ళు కట్టేస్తావా?" అన్నారు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా, చుండూరు రోడ్డు పట్టుకుని నేనొక్కదాన్నే నడిచాను. చెవుల్లో దూది పెట్టుకుని. నన్ను పిచ్చిదనుకో. మొదట భయమేసింది, ప్రతి నాలుగడుగులకీ వెనక్కి చూశాను. పోను పోను ఆ భయం తగ్గింది. చేల మీద మంచు పరుచుకుని ఉంది. ఇంట్లో గొడవ, పనిమనిషి గొడవ, ఏదీ గుర్తు రాలేదు. నువ్వు రాసిందంతా అబద్ధమని నేనే కదా అన్నది. కాదని నా కాళ్ళకి తెలిసింది.

కాబట్టి నడక నీది. ఎవరూ తీసుకోరు. కానీ నా షరతులు విను. వచ్చే వారం తెనాలి వచ్చి డాక్టరుకి చూపించుకో, మిషను పెట్టమంటే పెట్టించుకో. గట్టు మీద మధ్యలో నడవకు. రోడ్డెక్కితే ఎదురొచ్చే బండ్లు కనపడేట్టు కుడి పక్కన నడువు. ఇంకొకటి, ఈ పార్సిల్లో ఉన్నది మీ బావ పాత స్కూటరు అద్దం. నువ్వు గొడుగు పిడికి కట్టుకోవడానికి ఆయనే ఊడదీసి, తుడిచి, తీగ చుట్టి ఇచ్చారు. నవ్వకు. వెనక ప్రపంచం లేదన్నావు కదా, చూసుకో.

అక్క


రేపల్లె,
డిసెంబరు 20.

అక్కా,

మిషను అలవాటవుతోంది. ఇంట్లో పెట్టుకుంటున్నాను. స్టవ్వు వెలిగిస్తే గ్యాసుకి ఒక చప్పుడుంటుందని మర్చిపోయాను. నడకలో మాత్రం తీసి జేబులో పెట్టుకుంటున్నాను, కోప్పడకు. ఆ రెండు గంటలూ నాకు పాతలాగే కావాలి. అద్దం ఉంది కదా.

చేలు కోతకొచ్చాయి. వరి ఇంకా నిలబడి ఉండగానే దాని కింద తడి మీద మినుములు చల్లేశారు. కోత కోసేసరికి అవి మొలిచి ఉంటాయట. తోమాసు ఇప్పుడు హారన్ కొట్టడు. అద్దంలో వాడు కనపడగానే నేను జరుగుతాను, వాడు చెయ్యెత్తి పోతాడు. మొదటిసారి క్షమించమని అడిగితే, "అయ్యో మేడమ్, అదేంటండీ" అని సిగ్గుపడిపోయాడు.

కోటేశ్వరమ్మ గారి సంగతే నీకు చెప్పాలి. ఎలా పలకరించాలో తెలియక తెనాలి నుంచి వచ్చాక కూడా మూడు రోజులు దొంగలా తలవంచుకుని దాటాను. నాలుగో రోజు అరుగు దాటి నాలుగడుగులు వేశాక అద్దంలో చూశాను. ఆవిడ చేట పక్కన పెట్టి, తలెత్తి నా వీపు వైపు చూస్తోంది. నోరు తెరిచింది. పెదాలు చదవడం నాకు వచ్చు కదా. దూరమా అంది. జవాబు రాదని తెలిసీ, ఇన్ని నెలల తర్వాత కూడా అంది. తర్వాత నా కోసం ఆగకుండా చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

నేను వెనక్కి నడిచాను. బయలుదేరిన మనిషి వెనక్కి రాకూడదని ఆవిడ కంగారుపడి చేతులు ఊపింది. వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను.

"దూరమే అత్తయ్యా" అన్నాను. "కరకట్ట దాకా."

దేవిక